మంగళవారం బండి

మంగళవారం బండికి పేరు లేదు.
ఒక ఇంజను, వెనక రెండో మూడో ట్యాంకు వాగన్లు,
ఒక్కోసారి ఒక్కటే.
అది మా ఊరి మీదుగా ఎక్కడికీ పోదు.
పట్టాలు చెర్రీ జామ్ ఫ్యాక్టరీ గోడ దాకా వచ్చి
చెప్పబోయింది మర్చిపోయిన మనిషిలా
అక్కడే నిలబడిపోతాయి.

నడిపేది గెరిట్ డైకౌస్. గంటకు పది మైళ్లు.
అంతకు మించితే కింద కొయ్యలు ఒప్పుకోవు,
సగం పుచ్చిపోయాయి.
లోర్నా ముందే దూకి కాంటా తాళం తీస్తుంది.
చలికి బిగుసుకుంటే లైటర్ వెలిగించి
తాళాన్ని కాసేపు బతిమాలుతుంది.
గేటు లేని రోడ్డు మీద స్కూలు బస్సు ఆగుతుంది.
పిల్లలు లెక్క మొదలుపెట్టేలోపే
వాగన్లు అయిపోతాయి.

తరవాతి పని నాది.
నేను యుసేబియా. మిషిగన్ మంచులో
మొక్కజొన్న పాకం దింపుకునేదాన్ని.

మా నాన్న కోబాన్ దగ్గర చెరుకు గానుగలో
రెండు వేళ్ల మధ్య తీగ సాగదీసి
పాకం కుదిరిందో లేదో చెప్పేవాడు.
ఇక్కడ వేలు పెట్టనివ్వరు.
జనవరిలో పాకం అసలు కదలదు.
వాగను కడుపులోని గొట్టాలకి ఆవిరి తగిలించి
ఎనిమిది గంటలు, ఒక్కోసారి పది,
పొలమారిన పిల్లని ఒళ్లో వేసుకున్నట్టు కూచోవాలి.
ముందు పైకెక్కి మూత తెరవాలి.
అది మర్చిపోయి కింద వాల్వు తిప్పితే
అంత పెద్ద ట్యాంకూ తనలోకి తనే నలిగిపోతుంది,
కాలి కింద రేకుడబ్బాలా.
రెంచితో ఒంటిమీద కొట్టి వింటాను.
నిండుగా ఉన్నచోట దబ్బుమంటుంది,
ఖాళీ అయినచోట ఖంగుమంటుంది.
మీటరు ఉంది. ఉండనీ.

నాలుగొందల పదిహేడో నంబరు వాగను కింద,
వాల్వు పక్కన, ఒకసారి సుద్దరాతలు కనిపించాయి.
*మెల్లగా తిప్పు. పట్టేస్తుంది. ఆర్.*
అయోవాలో పాకం నింపే మిల్లు మనిషి అయుండాలి.
వాషర్ మార్చి కింద రాశాను:
*మార్చాను. యు.*

ఆరు వారాలకి అదే వాగను మళ్లీ వచ్చింది.
*బతికించావు. ఇక్కడ వరద.*
నేను: *ఇక్కడ మంచు. గ్లవ్స్ చిరిగాయి.*
ఆ తరవాత: *ఎడమ చేతిదా కుడి చేతిదా?*
జవాబు చేరడానికి ఆరు వారాలు,
అప్పటికి కొత్తవి కొనుక్కున్నాను.
అయినా రాశాను. *కుడి.*
ఒకసారి *మావాడికి* అన్న మాట ఒక్కటే మిగిలింది,
తక్కినదంతా దారిలో వాన చదువుకుంది.
మావాడికి ఏమైంది?
పెళ్లయిందా, జ్వరమొచ్చిందా, ఉద్యోగమొచ్చిందా?
అడిగాను. దానిక్కూడా వాన తగిలిందేమో.
ఆర్ ఆడో మగో ఇప్పటికీ తెలీదు.

నిన్న వచ్చింది కొత్త వాగను.
నల్లగా, నిగనిగలాడుతూ, పెళ్లికి వచ్చిన బూట్లలా.
"పదిహేడేదీ?" అన్నాను గెరిట్‌తో.
"ముసలిదైపోయింది. వయసు దాటితే పట్టాలెక్కనివ్వరు,
తుక్కుకి పంపేశారు" అని
కిటికీలోంచి నావైపు చూసి,
తన వయసు గుర్తొచ్చిందేమో, అద్దం మూసేశాడు.

వాల్వు వేలితో తోసినా తిరిగింది.
దానిమీద ఎవరికీ ఏ హెచ్చరికా అవసరం లేదు.
చుట్టూ వెతికాను, చక్రాల వెనకా, నిచ్చెన కిందా.
రంగు వాసన తప్ప ఏమీ లేదు.

పాకం దిగేసరికి తెల్లారింది.
గొట్టాలు విప్పి, మూత బిగించి,
లోర్నా ఖాళీ వాగను తగిలించుకునే లోపు
జేబులో సుద్దముక్క తడిమాను.
ఆ కొత్త నలుపు మీద తెల్లగా
*వాల్వు బాగుంది* అని రాశాను.
అక్కడితో ఆపేద్దామనుకున్నాను.
కింద పేరు రాశాను.
మొదటిసారి, పూర్తిగా,
ఇంటిపేరుతో సహా.