ఆకు వెనక

రెండువందల పద్నాలుగో చెట్టు దగ్గర
నా పెన్ను ఆగింది.

భాకరాపేట కనుమలో రోడ్డు వెడల్పు చేస్తారంట.
చెట్లు లెక్కరాసే పని నాది, రోజుకు ఆరొందలు.
చెంగల్రాయులు టేపు చుట్టి కొలత అరుస్తాడు,
బెరడు చెక్కి ఎర్రరంగుతో నంబరు వేస్తాడు,
నేను పేరు రాస్తాను.
మోదుగ, నల్లమద్ది, మొర్రి, మళ్ళీ నల్లమద్ది.
ఇప్పుడిది.

"ఇతరములు అని కొట్టెయ్ బ్బా,
మధ్యాన్నం బస్సు పోతాది."
నిజమే. ఇతరములకూ ఒక గడి ఉంది,
ఒక ధర ఉంది, టన్ను కట్టెల లెక్కన.
కానీ కొమ్మనిండా పండ్లు.
నల్లగా మాగినవి, ఇంకా ఎర్రగా ఉన్నవి,
ప్రతిదాని నెత్తినా చిన్న కుచ్చు,
పువ్వు పోతూ పోతూ టోపీ మరచినట్టు.

పన్నెండు ఫోటోలు తీశాను.
పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఒకటి,
చెంగల్రాయులు బొటనవేలితో ఒకటి,
ఎండకు ఆకంతా తెల్లబోయినది ఒకటి.

నెరబైలు గుట్టెక్కితే గానీ సిగ్నల్ లేదు.
ఎక్కాను. పంపాను.
మా బావ: నేరేడు రా, కండ్లు పొయినాయా.
రేణిగుంట నర్సరీ ఆయన: బలుసు అయ్యుండొచ్చు.
మా అమ్మ: ఏదైనా సరే, నోట్లో పెట్టుకోవద్దు.
తిరపతి కాలేజీలో మాకు చెట్లు నేర్పిన కుసుమాంబ మేడం
రాత్రి పదింటికి పంపింది,
జవాబు కాదు, ప్రశ్నలు:
ఆకు వెనక నూగు ఉందా?
తుంచితే పాలు కారాయా?
ముల్లు కొమ్మ మీద పుట్టిందా, కొమ్మే ముల్లయిందా?
పండులో గింజలెన్ని?

పన్నెండు ఫోటోలూ తిరగేశాను.
ఒక్కదానికీ వెనకవైపు లేదు.

పొద్దున్నే టీ అంగడి ముందు
కొండచీపుర్ల మోపు దించుకుంటున్న యాకసిరి పోలమ్మకు
ఫోన్ చూపించాను.
దూరం పెట్టింది. దగ్గర పెట్టింది.
తర్వాత, నవ్వకండి,
ఫోన్ తిప్పి వెనకవైపు చూసింది,
ఆకును తిప్పినట్టే.
అక్కడ పగిలిన కవరు,
కవరు కింద నేను దాచుకున్న ఇరవై రూపాయల నోటు.
"ఇందులో చెట్టు యాడుండాది నాయినా,
పా, చూపిద్దువు."

చెట్టు కింద ఆమె పైకి చూడలేదు.
కాలితో రాలిన ఆకుల్ని కెలికింది,
కొమ్మ చివరను వేలికి గుచ్చుకుని చూసింది,
పండు నలిపి, వాసన పట్టి, సగం కొరికి
మిగతా సగం నా ముందుకు చాపింది.
"తిన్యావా దీన్ని?"

లేదు.

మొదట తీపి. అది పూర్తిగా అందేలోపే వగరు.
తెల్లటి గుజ్జు పండ్లకూ వేళ్ళకూ బంకలా పట్టింది.
ఒకటే గింజ.

"ఊడుగ," అంది, పక్కూరి పేరు చెప్పినంత తేలిగ్గా.
కుక్క కరిస్తే వాళ్ళవ్వ దీని వేరు అరగదీసేదంట.
గింజ రాలినా తల్లిని వదలదంట,
వానరాత్రి పాకి పాకి వచ్చి మానును కరుచుకుంటాదంట.
నువ్వు చూసినావా?
"వానరాత్రి అడివిలో నాకేం పని,"
రాలినవి కొంగులో ఏరుకుంటూ అంది.
లేవబోతూ, మాను మీది ఎర్ర అంకెల్ని
గోటితో గీకి చూసింది.
"ఇదేం తెగులు?"

నేను చెంగల్రాయుల వైపు చూశాను,
అతను టేపు చుట్టుకుంటున్నాడు.

రిజిస్టరులో ఊడుగ అని రాశాను.
చుట్టుకొలత మూడడుగుల రెండంగుళాలు.
పండు రాయడానికి గడి లేదు.
ధరల పట్టీలో పైనుంచి కిందికి వేలు నడిపించి
చెంగల్రాయులు అన్నాడు:
"చూడు బ్బా, ఊడుగ లేదు. మళ్ళా ఇతరములే."

బస్సులో ఫోన్ తీస్తే
అద్దం మీద గింజ ఒకటి అంటుకుని ఉంది,
తోస్తే కదల్లేదు.
దాని కింద, ఇంకా వెలుగుతూ,
నేను బదులివ్వని మేడం ప్రశ్న:
పండులో గింజలెన్ని?