గంటా ముప్పై ఆరు నిమిషాలు

డాంకాస్టర్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
వంటగది బల్ల మీద నా ఉల్లిపాయల్ని ఓ మూలకి నెట్టి
లెక్కల పుస్తకం పరిచింది తన్మయి.
కొరికి కొరికి పెన్సిలు వెనకవైపు
రంగు పోయి కొయ్య తేలింది.

ఏడో లెక్క.
ఎనభై పౌండ్ల కోటు. కొట్టువాడు నూటికి ఇరవై తగ్గించాడు.
అమ్ముడుపోలేదు. ఏం తోచిందో,
ఆ ధర మీద మళ్ళీ నూటికి ఇరవై పెంచాడు.
ఇప్పుడు కోటు ఎంత?

"ఎనభయ్యే" అంది తల ఎత్తకుండా.
"ఎనభయ్యే" అన్నాను నేనూ, తరుగుతూ.
ఇరవై పోయింది, ఇరవై వచ్చింది,
చెల్లుకి చెల్లు.

పుస్తకం చివర జవాబు మాత్రం
డెబ్భై ఆరు పౌండ్ల ఎనభై పెన్నీలు.

అచ్చుతప్పేమో అన్నాను ధీమాగా.
నిడదవోలు బళ్ళో సూర్యారావు మాస్టారు నేర్పిన త్రైరాశికం
బెత్తం దెబ్బతో సహా గుర్తుంది నాకు.
గుర్తున్నది దెబ్బే కాబోలు.

పిల్ల కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది.
ఎనభైకి పదహారు పోతే అరవై నాలుగు.
అక్కడ ఆగింది. కాళ్ళు ఊపడం కూడా ఆపేసింది.
"నాన్నా, రెండో ఇరవై దేని మీద?
ఎనభై మీద కాదు కదా!"

దిగేటప్పుడు పెద్ద మెట్టు,
ఎక్కేటప్పుడు చిన్న మెట్టు.
ఈ మాట తనదే, నాది కాదు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

మార్చిలో ఆర్డర్లు పడిపోయాయని
గోదాములో మా నలభై గంటల్లో నూటికి ఇరవై కోశారు.
సెప్టెంబరులో కెవిన్ భుజం తట్టి
"ఇరవై తీశాం, ఇరవై ఇచ్చేశాం, లెక్క సరి" అన్నాడు.
ఆ రోజు నేను డోనట్లు పంచాను.
పన్నెండు. నా డబ్బుతో.

"ఇంకో లెక్క చేస్తావా? పుస్తకంలో లేనిది."
నలభై. ముప్పై రెండు.
ముప్పై రెండుకి ఆరూ పాయింట్ నాలుగు కలిపితే
ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు.
"పాయింట్ నాలుగంటే నలభై నిమిషాలు కాదు నాన్నా,
ఇరవై నాలుగు. అందరూ అక్కడే తప్పుతారు."

నలభైకి తక్కువ పడింది
గంటా ముప్పై ఆరు నిమిషాలు.
వారం వారం.

పెద్దదేం కాదు.
సినిమా ఇంటర్వెల్ దాటి ఒక పాట అయ్యేంత.
చారు కాచి, అన్నం తిని, గిన్నెలు తోమి
కాసేపు ఊరికే కూర్చునేంత.

మా వైపు నూటికి రెండు వడ్డీ అంటే నెలకి.
ఏడాదికనుకుని వేలిముద్ర వేసిన మా చిన్నాన్న
పాలిచ్చే గేదెను అమ్ముకున్నాడు.
నూటికి అన్న మాట వెనకాల
ఇంకో మాట నక్కి కూర్చుంటుంది ఎప్పుడూ.
దాన్ని బయటికి రమ్మని అడగాలి.
మా చిన్నాన్న అడగలేదు. నేనూ అడగలేదు.

"మరి ఎంత పెంచితే సరి?"
చాలాసేపు రాసింది.
ఇరవై ఐదు.
కింద రెండు గీతలు,
వాళ్ళ టీచరు ఆకిన్యెమి గారు చెప్పినట్టు.

ఆ పేజీ చింపి ఇవ్వమన్నాను.
"హోంవర్కు చింపకూడదు" అని మందలించి
వేరే కాగితం మీద తిరగరాసింది.
పక్కన కోటు బొమ్మ కూడా వేసింది, నాలుగు బొత్తాలతో.

ఎనిమిదో లెక్క నారింజ షర్బతుది,
పాలు రసానికి నాలుగు పాళ్ళు నీళ్ళు.
నన్ను అడగకుండానే చేసేసుకుంది.

కాగితం మడిచి టిఫిన్ డబ్బా మూతలో పెట్టాను.
రేపు ఆరింటి షిఫ్టు.
కెవిన్‌ని గంటల సంగతి అడగను,
ముందు కోటు ధర అడుగుతాను.
ఎనభయ్యే అంటాడు.

అననీ.