పావు సుట్టు

కల్వకుర్తి రోడ్డు మీది మా రేకుల షెడ్డుకు
సలోమమ్మ ల్యాండ్‌మాస్టర్ తోలుకొచ్చిన పొద్దు
బండి కంటే ముందు చప్పుడొచ్చింది.
టుస్... టుస్... టుస్.
"పిల్లికూతలు పెడుతున్నది గౌసూ," అన్నది
తాళంచెవి బానెట్ మీద పెట్టి.
ముప్పయ్యేండ్లు మిషన్ దవాఖానల
పసిపిల్లల రొమ్ములు విన్న మనిషి
ఇంకో మాట ఎట్లంటది?

ఉస్తాద్‌కు ఎడమ చెవి ఎన్నడో పోయింది,
కుడిది పోయే తొవ్వల ఉన్నది.
లీకు వెతకనీకి ఊదుబత్తి ముట్టిస్తడు.
మ్యానిఫోల్డ్ అంచు పొంటి నడిచే సన్నపొగ
యాడ ఉలిక్కిపడితే ఆడ దొంగ.
ఆ రోజు గాలి ఎక్కువ.
పొగ అన్ని దిక్కులా ఉలిక్కిపడ్డది.
నాలుగు బత్తులు కాలినంక
ఉస్తాద్ నన్ను తిట్టిండు.

సలోమమ్మ చేతిసంచిలకెల్లి స్టెతస్కోప్ తీసింది,
గొట్టం పగిలిన కాడ ప్లాస్టర్ చుట్టింది.
ఆయన చెవులకు తగిలించి
బిళ్ళ తనే పట్టుకున్నది
ఇంకా వేడెక్కని ఇనుము మీద.
ఒకటి. రెండు. మూడు.
మూడుకూ నాలుగుకూ నడుమ
ఆయన కండ్లు మూసుకున్నడు.
"ఉన్నది."

విప్పినం.
ఆరు నట్లల్ల రెండు మొండికేసినయి.
డీజిల్ పోసి, నెత్తిన మెల్లగ తట్టి
ఒక పూట వాటి మానాన వాటిని వదిలేసినం.
పాత ప్యాకింగ్
మాడిన జొన్నరొట్టె లెక్క పొరలు పొరలుగ లేచింది.
దాన్ని గీకే పని నాది.
"ఇనుము మీద గీత పడ్డదా,
గాలికి నువ్వే దారి చూపినట్టు."

స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు పట్టిండు.
సన్నని సందుల నుంచి
జడ్చర్ల ఎండ తొంగిచూసింది.
వంగింది.
పీల్చే సల్లదనం, విడిచే మంట
రెండూ ఒక్క పక్కనే మోసుకుంట
అరవై ఏండ్లు తిరిగినంక
ఏదైనా వంగుతది.
అద్దంపలక మీద ఎమరీ కాయితం పరిచి
రెండు దినాలు రుద్దిన.
సదును అంటే ఏందో నా మోచేతులను అడుగుండ్రి.

ప్యాకింగ్ హైదరాబాద్‌ల సుత దొరకలే.
షీటు తెచ్చి మ్యానిఫోల్డ్ మీద పరిచి
గుండుసుత్తెతో అంచు పొంటి టక్, టక్, టక్...
ఇనుము తన కొలతకు తనే కోసుకున్నది.
"గోందు రాయాల్నా?"
"సదునుగున్న రెండు మొకాలకు గోందెందుకురా కుర్మిగా?
అంచు దాటితే లోపటికి కారుతది."

బిగించుడు నడుమకెల్లి కొసలకు.
ఒక్క నట్టునే పట్టుకొని పంతం పడితే
అవతలి కొస లేస్తది.
అన్నిటికీ కొంచెం. మళ్ళ అన్నిటికీ కొంచెం.
నా చేతిలున్న పెద్దపానా గుంజుకొని
చిన్నది ఇచ్చిండు.
"బలం ఉన్నోనికి చిన్నపానా ఇయ్యాలె."

బండి స్టార్టయింది. టుస్సు లేదు.
సలోమమ్మ నవ్వలే. ఇంకోసారి విన్నది.
విని, చెవులకెల్లి తియ్యకుండనే
ఆ బిళ్ళను
ఉస్తాద్ ఖాకీ అంగి లోపట పెట్టింది.
"పీల్చు. విడువు. మళ్ళ పీల్చు."
పైన రేకులు ఎండకు టిక్కుమన్నయి.
"ఎన్నేండ్ల సంది ఇది?"
ఆయన గుండీ పెట్టుకుంట అన్నడు:
"నాది పాత మోడల్ సిస్టరమ్మా, ప్యాకింగ్ దొరకది."
"సోమారం దవాఖానకు రా. నేనుంట.
పొద్దుగాల, ఏం తినకుండ."

ఇంజిను సల్లారినంక
నట్లు ఇంకోసారి చూడాలె, అది లెక్క.
తెల్లారి నేనొక్కన్నే వచ్చిన. చిన్నపానా.
నడిమి నట్టు
పావు సుట్టు తిరిగింది.

సోమారం పొద్దుగాల
ఏం తినకుండనే వచ్చిండు ఉస్తాద్,
షెడ్డుకు.
తాళంచెవి నా జేబులున్నది.
ఇయ్యలే.