పదకొండో గడి

మహారాణిపేట సందులో రెండో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
లోహిత్ మెట్లు లెక్కపెడుతూ ఎక్కుతాడు, ముప్ఫై నాలుగు.
మధ్యలో ఎవరైనా అడ్డొస్తే
కిందికి దిగి మళ్ళీ మొదట్నించీ.
ఇవాళ మూడుసార్లు ఎక్కాం.
అమ్మ మోకాళ్ళు పట్టుకుని, చెప్పులైనా విప్పకుండా
గోడవార కుర్చీలో కూలబడింది.

పద్నాలుగు కుర్చీలు. ఇరవై మంది పిల్లలు.
మేం మొదటిసారి వచ్చినప్పుడు ఆరుగురే.
అనకాపల్లి నుంచి ఒకామె తెల్లారుఝాము బస్సెక్కి వస్తుంది,
బాక్సులో ఉప్మా, అదే బాక్సు, అదే చెంచా,
వేరేదైతే వాళ్ళ పాప ముట్టదు.

అమ్మ గొంతు తగ్గించడం నేర్చుకోలేదు.
"మా రోజుల్లో ఇంతమంది ఉండీవోరా?
ఏటి తింటన్నారో, ఏటి చూస్తన్నారో,
గుంటలందరూ ఇలగైపోతన్నారు."
ఎదురుగా ఉన్నాయన ఫోన్లోకి ఇంకాస్త వంగాడు.

నిరుడు నేనూ డాక్టరమ్మని అదే అడిగాను.
చూసే కళ్ళు పెరిగాయి, అంది.
కొలిచే గీత జరిగింది.
నెలలు నిండకుండా పుట్టినవాళ్ళూ ఇప్పుడు బతుకుతున్నారు.
కొంత నిజంగానే పెరిగి ఉండొచ్చు కూడా.
ఏది ఎంతో, నాకు తెలీదు.
తెలీదు అన్న డాక్టర్ని అదే చూడ్డం.
అందుకే ఇన్ని మెట్లున్నా ఇక్కడికే వస్తున్నాం.

లోహిత్ గుమ్మం దగ్గర కూర్చుని
అందరి చెప్పులూ పేరుస్తున్నాడు.
చిన్నవి ముందు, పెద్దవి వెనక,
మొనలన్నీ సముద్రం వైపు.

"మీ మసేను మావ అచ్చం ఇలగే" అంది అమ్మ.

నాకు తెలిసిన మేనమామలు ఇద్దరే.

పెదజాలారిపేట ఇసకలో మూడోవాడట.
పిలిస్తే తిరగడు. పలకడు.
పొద్దెక్కేదాకా వల బెండ్లు వరసన పెట్టుకునేవాడు,
వరస ఎవరైనా చెరిపితే తల ఇసకకేసి కొట్టుకునేవాడు.
మంచు కమ్మి నావలు కనపడని రోజున మాత్రం
పేట ఆడవాళ్ళంతా వాడి చుట్టూ చేరేవారు.
దూరాన ఇంజన్ చప్పుడు విని
ఎవరి బోటో చెప్పేసేవాడు.
చెప్పడమంటే మాటతో కాదు,
ఆ బోటు రంగు బెండు ఏరి
ఆ ఇంటామె చేతిలో పెట్టేవాడు.
ఆమె అది గుప్పిట్లో మూసుకుని ఏడ్చేది.

గాలి సోకిందన్నారు.
మెడ మీద వాతలు పెట్టించారు.
చుట్టాలొస్తే వలల గదిలో గొళ్ళెం.
రేషన్ కార్డులోకి తాత వాడి పేరు ఎక్కించలేదు.
జనాభా లెక్కలాయన గుమ్మంలోకొచ్చి ఎంతమందని అడిగితే
అయిదుగురం అన్నాడు.
ఆరోవాడు అప్పుడు ఒడ్డున ఉన్నాడు, చప్పుళ్ళు వింటూ.

"ఇరవై నిండనేదు. జొరం" అంది అమ్మ.
కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటే అన్నట్టు.

నా ఫారంలో పదకొండో గడి:
కుటుంబంలో ఇంకెవరికైనా?
లేదు అని నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో.

కౌంటర్లో అమ్మాయిని పెన్నడిగాను.
లేదు కొట్టేసి, పైన ఇరుకులో:
ఉన్నాడు. అమ్మమ్మ తమ్ముడు.
"పేరు కావాలా?" అన్నాను.
"అక్కర్లేదండీ, అవును అని నొక్కితే చాలు" అంది.
వెనక నుంచి అమ్మ అరిచింది,
"మసేను! బెండ్ల మసేను అంటే పేటంతటికీ తెలుసు!"
ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి
పేరు కూడా కొట్టింది.

ఎవరూ కొత్తగా పుట్టలేదు.
లెక్కలో ఒకటి పెరిగింది.

అలాగని ఈ ఇరవై మంది వెనకా
గొళ్ళెం పెట్టిన గది ఒకటి ఉందని అనలేను.
అనకాపల్లి ఆమెని అడగాలనుకున్నాను,
పాప అప్పుడే ఉప్మా తింటోంది, అడగలేదు.

మా నంబరు పిలిచారు.
లోహిత్ లేవడు. వరసలో ఒక ఖాళీ ఉంది,
దాన్నే చూస్తున్నాడు.
గదంతా వెతికాను, ఎవరి జతా అని.
చివరికి అమ్మే కిందికి చూసుకుంది,
వంగలేక వంగి
కాళ్ళకున్నవి విప్పి వాడి చేతికిచ్చింది.