రెండువేల మూడు

షీబా మిస్ ఇచ్చిన కాగితంలో మూడే గళ్లు:
అంశం. ప్రశ్న. ఆధారం.
మొదటి గడిలో ముత్యాలు అని రాసి కొట్టేశాను.
చమురు బావి అని రాశాను.
మిస్ తలెత్తకుండానే అంది:
"క్లాసులో ఇప్పటికే పదకొండు చమురు బావులున్నాయి.
మీ ఇంట్లో తెలిసి, నీకు తెలియనిది ఒకటి పట్రా."

మా ఇల్లంటే ఒక గది, సగం వంటిల్లు,
కింద బాపు కుట్టుషాపు.
మనామా సూక్‌లో అత్తరు దుకాణానికీ
తాళాలు బాగుచేసే ఇరానీ ముసలాయనకీ నడుమ.
ఇందులో నాకు తెలియనిది దాక్కోడానికి చోటేదీ?

గురువారం రాత్రి, ఇస్త్రీ ఆవిరిలో లెక్కలు చేస్తూ
ఊరికే అటక మీదికి చూశాను.
కొలతల పుస్తకాలు. నీలం అట్ట, ఏడాదికొకటి,
వీపు మీద నల్లదారంతో కుట్టిన అంకె.
దించాను. సుద్ద వాసన.
"ఉమ్ యూసుఫ్. ఛా 42, న 38, చే 21.
ఎడమ భుజం జారుడు."
అరబ్బు ఆడవాళ్లంతా మా సిరిసిల్ల అక్షరాల్లో
తలకట్లు సర్దుకొని నిలబడ్డారు.
ఒకామె నడుము ఏడేళ్లు పెరిగీ పెరిగీ
ఒక్క చలికాలంలో ముప్పై ఒకటికి పడిపోయింది.
పక్కన పెన్సిల్‌తో: నల్లగుడ్డ. తొందర.

తొంభై ఆరు నుంచి వరసగా పేర్చాను.
రెండువేల రెండు. రెండువేల నాలుగు.
నడుమ వేలు దూరేంత సందు.

"బాపూ, రెండువేల మూడు ఏదీ?"
మిషన్ ఆగలేదు.
"అప్పుడు నేనీడ లేను బిడ్డా."
"మరి ఏడున్నవ్?"
"ఈడనే ఉన్న."
సూది రెండుసార్లు గుడ్డ లేనిచోట దిగింది.

రెండో గడి నిండింది.

అత్తరు కరీం భాయ్ "ఆ ఏడు ఎండలు జాస్తి" అన్నాడు.
అమ్మ "అప్పటికి మా పెండ్లే కాలే" అంది.
ఇస్త్రీ ఎల్లయ్య తాత ఒక టీ తాగి ఏం చెప్పలేదు.
రెండో టీ తాగి, గ్లాసులోకి చూస్తూ,
"పాత కఫీల్ పోయిండు. కొడుకు వీసా చెయ్యలే.
షాపుకు తాళం. మీ బాపు ఖల్లివెల్లి" అన్నాడు.
కాగితం ఒకచోట, మనిషి ఒకచోట అయినవాడికి
ఇక్కడ మనవాళ్లు పెట్టుకున్న పేరు అది.

బాబ్ వెనక సందులో హమీద్ టైలర్స్.
హమీద్ కొడుకు పాత ట్రంకు తెరిచి
"చూస్కో, చింపకు" అన్నాడు.
ఉర్దూ పుస్తకం. కుడి నుంచి ఎడమకు నడిచే పేజీలు.
జూన్ దాటాక అక్కడక్కడా, అడుగున,
ఎడమ నుంచి ఎదురొచ్చే అక్షరం:
"న 36." "చే 20."
బాపు రాసే న. తోక కొక్కెంలా వంగే న.
రాత్రి కుట్టినవాడి పేరుకు
ఆ పుస్తకంలో గడి లేదు.

ఫోటో తీసి ఆ రాత్రే చూపించాను.
చాలాసేపు చూశాడు, పెద్దది చేసి, చిన్నది చేసి.
"ఈమె చేతులు పందొమ్మిదిన్నరే.
నేనే తప్పు రాసిన. మళ్ల మొత్తం విప్పి కుట్టిన."
ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ అర అంగుళం దగ్గరే
ఆగింది బాపు వేలు.
తర్వాత, కత్తెరను అడిగినట్టు నెమ్మదిగా,
"బడిల చెప్తవా?"

నా ప్రాజెక్టు పేరు: ఒక దర్జీ షాపు, దాని కొలతలు.
ఏ ఏడు ఎన్ని బుర్ఖాలు, ఎన్ని పెళ్లి గౌన్లు,
యూనిఫాంలు ఎప్పుడు పెరిగాయి, గ్రాఫు గీశాను.
ఒకచోట గీత తెంపి, అలాగే వదిలేశాను.
మిస్ ఎర్రసిరాతో "2003 ఎక్కడ?" అని రాసి
రెండు మార్కులు తీసేసింది.
ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది.

ఎప్పుడూ ఇంగ్లీషులో గొలుసుగా గీకేసే బాపు
ఆ కాగితం మీద తెలుగులో పెట్టాడు సంతకం,
అద్దాలు పెట్టుకొని, అక్షరమక్షరం:
గాజెంగి నాంపల్లి.
మార్కులు ఎందుకు పోయాయని అడగలేదు.