అత్యవసర ద్వారము

"ముందునించి తియ్యొచ్చు గదా బావూ" అంటాడు
మద్దిలపాలెం డిపో గేటు దగ్గర వాచ్‌మన్ అసిరినాయుడు.
"అద్దమూ, బోర్డూ, నిమ్మకాయల దండా అన్నీ అటేపే.
ముడ్డి ఫొటో ఎవుడు సూత్తాడు?"

నవ్వి, మోకాళ్ళ మీద కూర్చుంటాను.
ఆయిలు మరకల్లో ఇంకో ప్యాంటు పోయింది.

ఇరవై ఎనిమిదో నంబరు బండి. ఎనభై తొమ్మిదిలో పుట్టిందట.
ఇప్పుడు మనుషుల్ని ఎక్కించుకోదు,
గాజువాకకి టైర్లు మోస్తుంది, టైర్లు తెస్తుంది.
నిచ్చెనకి కింది మెట్టు లేదు.
ఎడమ లైటు ఉంది. కుడి లైటు ఉండాల్సిన చోట
కొబ్బరి చిప్పంత కన్నం,
అందులో ఎవరిదో బీడీ కట్ట, భద్రంగా.

బీచ్ రోడ్డులో తిరిగిన బస్సుని వేరే చెప్పక్కర్లేదు.
ఉప్పుగాలి వెనకనించే మొదలుపెడుతుంది,
బంపరు చివర్లూ, రివిట్ల చుట్టూ,
పిల్లలు అప్పడం కొరికినట్టు
అంచులమ్మటే.

ఇప్పటికి నూట పదకొండు వీపులు నా దగ్గర.
మొహం ఒక్కటీ లేదు.

నిజానికి నాకు బస్సుల మొహాలు తెలీవు.
ఏవీఎన్ కాలేజీ డౌను ఉరుక్కుంటూ దిగేసరికి
రోజూ కనిపించింది ఇదే:
రెండు ఈలలు, ఒక నల్లటి పొగముద్ద,
వెనకద్దంలో మా క్లాసువాళ్ళ చేతులు
రమ్మంటున్నాయో, పొమ్మంటున్నాయో.

ఇంకో సంగతి కూడా ఉంది, నాయుడికి చెప్పలేదు.

బాడీ షాపులో ముందు బోర్డు పాతమేస్త్రీలు రాసేవారు.
వెనకభాగం కొత్తవాళ్ళకి.
మా చిన్నాన్న నూకతాత
పదకొండేళ్ళు కొత్తవాడిగానే ఉన్నాడు.
చదువు రెండో తరగతి.
'అత్యవసర' లో యవొత్తు ఆయన చేతిలో
గేలం అయిపోయేది.
జాలరిపేట చెయ్యి మరి, ఎంత తిట్టినా అంతే వంగేది.
ఆ గేలం దొరికిన రోజు
లెన్సు మార్చను. ఊపిరి బిగబడతాను.

నూట పదకొండింటిలో నాలుగే.

ఈ బండి తలుపు మీద ఎవరో నీలం పూసేశారు.
అక్షరం లేదు. లేదనే అనుకున్నాను.
సింహాచలం కొండవెనక్కి వాలేముందు ఎండ
రేకుమీద ఏటవాలుగా పడింది,
నీలంకింద సన్నగా ఉబ్బెత్తుగా
ఏదో లేచింది.
వేలితో తడిమాను. తగిలింది.

నాయుడు వచ్చి కెమెరాలోకి తొంగిచూశాడు.
"ఇదేటి, యవొత్తు ఒంకరగా ఉంది?"
"ఒంకరే" అన్నాను.
ఇంకేమీ అడగలేదు. బీడీ కట్ట తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఇంతలో డ్రైవరు వచ్చి స్టార్ట్ చేశాడు.
పొగ మొహాన కొట్టింది, అదే వాసన.
కెమెరా మెళ్ళో ఊగుతుంటే
నాలుగడుగులు పరుగెత్తాను,
యాభై రెండేళ్ళవాణ్ణి, ఎందుకో మరి.
వెనకద్దంలో టైర్లు తప్ప ఎవరూ లేరు.

గేటు దగ్గర నాయుడు ఈల వేశాడు,
ఒక్కటే.
బండి ఆగలేదు.