ముందు పేరు

కంచరపాలెంలో మా లైను ఇళ్ళకి
ఒక కట్టుబాటుంది:
ఎవరూ తలుపు కొట్టరు.

నేనొచ్చిన మొదటి వారం
పాల పాకెట్టు ఇద్దామని ఎర్రయ్యమ్మ గొళ్ళెం తట్టింది.
తియ్యలేదు నేను.
మంచం కింద దూరి, తల మీద చేతులు పెట్టుకుని
లెక్కపెడుతున్నాను.
మూడు దెబ్బలు తలుపుకి.
మిగిలినవి నాకు.

కిటికీలోంచి చూసింది. ఏమీ అడగలేదు.
పాకెట్టు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర
వాళ్ళేం అనుకున్నారో ఇప్పటికీ తెలీదు.
మర్నాటి నుంచి వీధి మొగలోనే కేక:
"నానేనే, ఎర్రయ్యమ్మని, వస్తన్నానొలే!"
రొయ్యల షెడ్డు నుంచి రాత్రి పదింటికి తిరిగొచ్చే బంగారి
ఐసు నీళ్ళకి పాలిపోయిన చేతుల్తో
గాజులు గలగల్లాడించేది.
రైల్వే గ్యాంగులో చేసే సన్నిబాబు మావయ్య
పదడుగుల దూరాన ఆగి దగ్గేవాడు,
దగ్గు లేకపోయినా.

కేజీహెచ్‌లో కట్టు వేసిన డాక్టరమ్మ
చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంటుందంది.
చెవి ఎప్పటికి నమ్ముతుందో చెప్పలేదు.
యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటే ఉలికిపాటు,
కుక్కరు కూతకి ఉలికిపాటు.
కంచం జారవిడిచాడని పక్కింటి పిల్లాణ్ణి
నోటికొచ్చినట్టు తిట్టాను ఓ రోజు.
వాళ్ళమ్మ నాలుగు రోజులు మాటాడలేదు.
ఐదో రోజు చారు గిన్నెతో వచ్చింది.
మొహం గంటుపెట్టుకునే కేకేసింది,
"నానే!"

కోర్టు వాయిదాకి
బంగారి ఒక రోజు కూలి వదులుకుంది.
ధైర్యం చెబుతుందనుకుంటే
బెంచీ మీద నిద్రపోయింది.
ఆ గురక పక్కన కూర్చుని
అతని మొహంలోకి
మొదటిసారి తిన్నగా చూశాను.

నిన్న రాత్రి గాలివాన, కరెంటు లేదు.
చివరింట్లో కొత్తగా దిగిన పిల్ల
మూడు రోజులుగా బయటికి రాలేదు.
కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళాను.
చెయ్యి తలుపు మీదికి పోయింది.
పోయి, ఆగింది.

వెనక్కి నడిచాను, వానలోకి, పదడుగులు.
కొవ్వొత్తి ఆరిపోయింది.
గొంతు సవరించుకుని
ఎన్నేళ్ళకో నా పేరు నేనే గట్టిగా పలికాను:
"నేనమ్మా... వరహాలుని."

లోపల గొళ్ళెం కదల్లేదు.
పర్లేదు.
చూరు కింద చేరి, తడిసిన అగ్గిపెట్టెలో
పొడిపుల్ల కోసం వెతుకుతూ
కూర్చున్నాను.